టేకు బల్ల: చూడాల్సింది మెరుపు కాదు, అతుకు

ప్రశ్న: టేకుతో భోజనాల బల్ల చేయిస్తున్నాం. పని గట్టిదని ఎలా తెలుస్తుంది?

జవాబు: పాలిష్ వేయకముందే వెళ్లి చూడండి. కలప చేవదై, బాగా ఆరి ఉండాలి. తేమ 12 శాతం లోపు ఉంటే మంచిది. మీటరు పెట్టి చూపించమనండి. కాళ్లూ పట్టీలూ కలిసేచోట బెజ్జంలోకి కుసి బిగువుగా దిగాలి. మేకులే ఆధారమైతే బల్ల త్వరలోనే ఊగుతుంది.

పైచెక్క వానాకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. దాన్ని కదలకుండా బిగిస్తే పగులుతుంది. అందుకే స్క్రూలకు పొడవాటి రంధ్రాలు చేయించండి.

నూనె పూత సహజంగా కనిపిస్తుంది, అప్పుడప్పుడూ మళ్లీ పూయాలి. లక్క పాలిష్‌పై వేడిగిన్నె పెడితే మచ్చ పడుతుంది. రోజూ భోంచేసే బల్లకు పీయూ (పాలీయురెథేన్) పూత మేలు. పూత ఏదైనా అడుగువైపూ వేయించండి. లేకుంటే చెక్క వంగే ప్రమాదముంది.