పంజరం వెలుపల ఒక గంట

నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరు మండలపు పల్లెల్లో తెల్లవారగానే జరిగే పనుల్లో కోళ్ల గంప ఎత్తడం ఒకటి. రాత్రంతా గంప కింద ముడుచుకొని ఉన్న కోళ్లు రెక్కలు దులుపుకొని వాకిట్లోకి, పెంటదిబ్బల వైపు, చేల గట్ల మీదికి సాగిపోతాయి. వాటి వెంట ఎవరూ వెళ్లరు. పొద్దుగూకే వేళకు అవే తిరిగి వస్తాయి. ఇల్లాలు మళ్లీ గంప కమ్ముతుంది. ఆ వాకిలి, ఆ దిబ్బ, ఆ ఎండ కోడికి పుట్టినప్పటినుంచీ తెలిసినవే. ఏ గింజ ఏరుకోవాలో, గద్ద నీడ పడితే ఎక్కడ దూరాలో తల్లి వెంట తిరిగి నేర్చుకొన్నది. దానికి స్వేచ్ఛ ఇవ్వడమంటే గంప ఎత్తడమే.

ఇంట పెరిగే ప్రాణులన్నింటి విషయంలో ఇది ఇంత సులువు కాదు. పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలో ఇంటి చిలుక రాత్రికొక కథ చెప్పి ఇల్లాలిని గడప దాటనీయదు. ఆ చిలుక ఎప్పుడు రెక్క విప్పి ఎగిరిందన్న సంగతి కథకు అక్కరలేదు. నేడు మన దేశపు చిలుకను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చిలుక పంజరం తొలగిన ఇళ్లలోకి ఇప్పుడు దేశాంతరాల ప్రాణులు వస్తున్నాయి. వాటిలో ఒకటి చించిల్లా.

చించిల్లా మూషిక జాతికి చెందిన జంతువు. చూడటానికి ఉడుతకు, కుందేలుకు మధ్యస్థంగా ఉంటుంది. గుండ్రని పెద్ద చెవులు, పొడవైన మీసాలు, కుచ్చు తోక, బూడిదరంగు బొచ్చు. తూకం అరకిలో, లేదా అంతకు కొంచెం ఎక్కువ. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. చల్లని, పొడి గాలులు వీచే ఆ రాతి వాలుల్లో బండల సందుల్లో గుంపులుగా నివసిస్తూ, పగలు దాగి, మునిమాపు వేళ మేతకు బయలుదేరుతుంది. మనిషి తల మీద ఒక్కొక్క రోమకూపం నుంచి ఒకటి రెండు వెంట్రుకలు మొలిస్తే, దీనికి అరవై వరకు మొలుస్తాయి. ఆ ఒత్తయిన బొచ్చు దానికి చలి నుంచి రక్షణ. అదే దాని ప్రాణం మీదికి తెచ్చింది. ఒక్క కోటు కుట్టడానికి నూరుకు పైగా చర్మాలు కావలసి వచ్చేవి. ఐరోపా, అమెరికాల సంపన్నుల ముచ్చట తీర్చడానికి లక్షల కొద్దీ జంతువులు బలి అయ్యాయి. చిలీ, అర్జెంటీనా, బొలీవియా, పెరూ దేశాలు 1910లో వేటను నిషేధిస్తూ ఒప్పందం చేసుకొనేనాటికి కొండలు దాదాపు ఖాళీ అయ్యాయి. అడవి చించిల్లాలు నేటికీ అంతరించే ప్రమాదంలోనే ఉన్నాయి. చిలీ ప్రభుత్వం 1983లో వాటికోసం ఒక అభయారణ్యాన్ని ప్రత్యేకించింది.

చిలీలో గనుల ఇంజనీరుగా పనిచేసిన అమెరికన్ మథాయస్ చాప్‌మన్ 1923లో పదకొండు చించిల్లాలను కాలిఫోర్నియాకు తీసుకువెళ్లాడు. నేడు ఇళ్లలో పెరిగే చించిల్లాలలో అత్యధిక భాగం వాటి సంతతే. చాప్‌మన్ వాటిని కొండ మీదినుంచి ఒక్కసారిగా కిందికి దించలేదు. దిగువ ప్రాంతాల వేడికి అలవాటు పడేటట్లు క్రమక్రమంగా దించి, ప్రయాణంలో మంచుగడ్డలతో బోనులను చల్లబరుస్తూ తీసుకుపోయాడు. అతని లక్ష్యం వ్యాపారమే. అయినా ఆ జంతువు దేనికి ఓర్చుకోగలదో, దేనికి ఓర్చుకోలేదో అతనికి తెలుసు. పెంపకందారులు అతని నుంచి నేర్చుకోవలసింది ఆ ఓపికనే.

నగరంలో చించిల్లాను పెంచుకొంటున్న విద్యార్థి వేసవి సెలవులకు దానిని కోడేరుకు వెంట తెచ్చుకొన్నాడనుకొందాం. మే నెలలో అక్కడి పగటి వేడి నలభై డిగ్రీలు దాటుతుంది. చించిల్లాకు పాతిక డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. గాలిలో తేమ కూడా ఉంటే వడదెబ్బ తగులుతుంది. దానికి చెమట పట్టదు. ఫ్యాను గాలి మన చెమటను ఆర్పి చల్లదనమిస్తుంది గాని, చెమట లేని ప్రాణికి ఆ గాలి వల్ల ఒరిగేది స్వల్పం. నీటి కూలరు గాలిని చల్లబరుస్తూనే తేమను పెంచుతుంది. ఎ.సి. గది ఒక్కటే శరణ్యం. కరెంటు పోతే అదీ లేదు. కోడి హాయిగా తిరిగే వాకిలి ఈ అతిథికి మృత్యుముఖం. వేడిని అదుపు చేయలేని ఇంట దీనిని పెంచకపోవడమే దయ. చించిల్లా పదిహేనేళ్ల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి బతికే ప్రాణి కనుక ఇది ఒక వేసవి సంగతి కూడా కాదు.

చల్లని గది ఉన్నా, పంజరంలోనే ఉంచితే సరిపోదు. నాలుగైదు అడుగుల ఎత్తు అవలీలగా దూకే జంతువును ఏళ్ల తరబడి చువ్వల మధ్య బంధిస్తే అది తన బొచ్చును తానే కొరుక్కొంటుంది. అందుకే రోజూ కొంతసేపు దానిని బయట తిరగనివ్వాలంటారు. అది ఎలాంటి ‘బయట’ అన్నదే ప్రశ్న. 1963లో ప్రజలకు తెరిచిన హైదరాబాదు నెహ్రూ జంతుశాలలో సింహానికి, చూపరికి నడుమ చువ్వలకు బదులు కందకాలు ఉంటాయి. అక్కడ హద్దు లేదని కాదు. జంతువు దూకగల దూరాన్ని ముందుగా కొలిచి హద్దు గీశారు. చించిల్లాకు విడిచే గదిని కూడా అలాగే కొలవాలి.

గదిని పరీక్షించేవారు నేల మీద కూర్చొని, అరడుగు ఎత్తునుంచి చుట్టూ చూడాలి. నిలబడితే కనిపించనివన్నీ అప్పుడు కనిపిస్తాయి. బీరువా వెనుక సందు, తలుపు కింది ఖాళీ, మంచం కింద పాకిన ఛార్జరు తీగ. చించిల్లా పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అందుచేత కొరకడం దాని దుర్గుణం కాదు, అవసరం. తీగలను తీసివేయాలి లేదా గట్టి గొట్టాల్లో దాచాలి. మూషిక జాతి జంతువులు తిన్నదానిని కక్కలేవు. కాబట్టి మందు బిళ్ల గాని, కుండీలోని విషపు మొక్క ఆకు గాని కడుపులోకి పోతే తిరుగులేదు. నీళ్ల బకెట్లు తొలగించాలి. ఒత్తయిన ఆ బొచ్చు తడిస్తే త్వరగా ఆరదు. కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాను ఆపి, పిల్లిని, కుక్కను వేరే గదిలో ఉంచి, ఇంట్లో వారందరికీ ముందుగా చెప్పాలి. ఎవరో చూడక తలుపు తీస్తే పట్టిన శ్రమంతా వృథా. దొర్లే ప్లాస్టిక్ బంతిలో దానిని పెట్టి ఆడించడం కూడా ప్రమాదమే. లోపల గాలి ఆడక వేడెక్కిపోతుంది.

కొత్తగా తెచ్చినదానిని వెంటనే విడువరాదు. కొన్ని వారాలపాటు పంజరమే తన ఇల్లని దానికి తెలియాలి. చేతినుంచి మేత అందుకొనేంత చనువు కలిగాక, సాయంకాలం చల్లబడిన వేళ, మొదట పది పదిహేను నిమిషాలు విడిచి చూడాలి. తరువాత గంట వరకు పెంచవచ్చు. పగలు ఆడించాలనుకోవడం మన సౌకర్యమే గాని దానిది కాదు. నెహ్రూ జంతుశాలలోని నిశాచర జంతువుల విభాగంలో దీపాల సాయంతో పగలును రాత్రిగా మార్చి చూపుతారు. ఇంట్లో అంత ఏర్పాటు అక్కరలేదు, సంధ్య దాకా ఆగితే చాలు.

విడిచినంతసేపు మనిషి ఆ గదిలోనే, నేల మీదే కూర్చోవాలి. నడిచే కాలి కింద నలిగిపోయేంత చిన్న ప్రాణి అది. చెవులు ఎర్రబడినా, నోరు తెరిచి రొప్పినా, పక్కకు వాలి పడుకొన్నా వడదెబ్బ లక్షణాలుగా గ్రహించి, ఆట ఆపి చల్లని చోటికి చేర్చి పశువైద్యుడిని సంప్రదించాలి.

ఇక మిగిలింది తిరిగి లోపలికి పంపడం. తరిమి పట్టుకోవడం చాలామంది చేసే తప్పు. భయపడిన చించిల్లా పట్టిన చోట బొచ్చును గుప్పెడు విడిచి తప్పించుకొంటుంది. శత్రువు నోట వెంట్రుకలు మిగిల్చి ప్రాణం దక్కించుకొనే ఉపాయమిది. ఒకసారి అలా తరిమినవారి చేతికి అది మళ్లీ సులువుగా చిక్కదు. దానికి ఇష్టమైనది ధూళిస్నానం. ఆండీస్‌లో అగ్నిపర్వతపు బూడిదలో పొర్లి ఒంటిని శుభ్రం చేసుకొనే అలవాటు తరాలు మారినా పోలేదు. ఇందుకోసం అమ్మే మెత్తని ధూళిని ఒక గిన్నెలో పోసి, ఆట ముగిసే వేళకు పంజరంలో పెట్టి, తలుపు తెరిచి ఉంచి, కదలకుండా కూర్చోవాలి. కొంతసేపు అటూ ఇటూ తచ్చాడి, మీసాలు ఆడిస్తూ గడప దగ్గర ఆగి, అది తానే లోపలికి వెళ్లి ధూళిలో దొర్లుతుంది. అప్పుడు చప్పుడు చేయకుండా తలుపు వేయాలి.