సర్వరు మార్చే ముందు

ఆడిటరు గారి ఆఫీసులోనో, మందుల టోకు దుకాణంలోనో పది పన్నెండు కంప్యూటర్లు ఒకేసారి పనిచేస్తూ ఉండటం మీరు చూసే ఉంటారు. ఒకరు రాసిన బిల్లు మరొకరి తెరమీద కనబడుతుంది. ఎలా? ఆ కంప్యూటర్లన్నిటినీ తీగలతో మరొక కంప్యూటరుకు కలుపుతారు. దాన్నే సర్వరు అంటారు. అందరి ఫైళ్ళూ అందులోనే ఉంటాయి. ఎవరు ఏ ఫైలు తెరవవచ్చునో తెలిపే పట్టిక కూడా అందులోనే ఉంటుంది. ఈ పనులన్నిటినీ నడిపించేది దాని ఆపరేటింగ్ సిస్టమ్.

మామూలు కంప్యూటరు చెడితే ఒకరి పని ఆగుతుంది. సర్వరు ఆగితే ఆఫీసంతా ఆగుతుంది. కాబట్టి దాని ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చే ముందు పథకం వేసుకోవాలి. ఆ పథకంలో అన్నిటికంటె ముఖ్యమైనది ఏమిటో చూద్దాం.

పనిచేస్తున్న దాన్ని ఎందుకు మార్చాలి?

ఎంత జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాములోనైనా లోపాలు ఉంటాయి. అవి బయటపడినప్పుడల్లా తయారుచేసిన సంస్థ సవరణలు పంపుతుంది. కాని ఇది ఎల్లకాలం సాగదు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2013లో విడుదల చేసిన విండోస్ సర్వర్ 2012 ఆర్2కు మామూలు సవరణలు 2023 అక్టోబరు 10తో ఆగిపోయాయి. ఆ తరువాత కూడా సర్వరు నడుస్తుంది. అయితే కొత్తగా బయటపడే ప్రతి లోపమూ గడియ లేని తలుపులా ఉండిపోతుంది.

అలాంటి తలుపు ఎంత ప్రమాదమో 2017లో తెలిసివచ్చింది. ఆ ఏడాది మే 12న వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచం మీద పడింది. కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి, తీయాలంటే డబ్బు ఇమ్మంది. సుమారు 150 దేశాలలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని పాలబడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రుల పని స్తంభించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. చిత్రమేమంటే, ఆ లోపానికి సవరణ మార్చి 14నే వచ్చింది. దాన్ని పెట్టుకోని కంప్యూటర్లే చిక్కుకున్నాయి.

ముందు జాబితా

మొదటి పని, ఉన్నవాటన్నిటినీ రాసుకోవడం. సర్వరు మీద ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయి? దానితో ఏ యంత్రాలు మాట్లాడుతున్నాయి? ఒక్కటి మరచిపోయినా చిక్కే.

ఒక ఉదాహరణ చూడండి. ఆఫీసులో పాత స్కానరు ఉందనుకుందాం. అది కాగితాల బొమ్మలను తీసి నేరుగా సర్వరుకు పంపుతుంది. అందుకు ఎస్‌ఎంబి 1 అనే పాత పద్ధతిని వాడుతుంది. వాన్నాక్రై చొరబడింది కూడా ఆ పద్ధతిలోని లోపం ద్వారానే! అందుకే కొత్త సర్వర్లలో ఆ తలుపు మూసే ఉంటుంది. దొంగతోపాటు మన స్కానరు కూడా బయటే నిలబడిపోతుంది. ఈ సంగతి ముందే తెలిస్తే స్కానరుకు వేరే దారి చూడవచ్చు. తెలియకపోతే సోమవారం ఉదయం వెతుక్కోవాలి.

పాతదాని మీదనా, పక్కనా?

మార్చడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఉన్న సర్వరు మీదనే కొత్తది ఎక్కించడం. ఇందులో మెట్లు ఉంటాయి. 2012 ఆర్2 నుండి 2022కు ఒక్క గెంతులో పోలేము. మధ్యలో 2016 గాని 2019 గాని ఎక్కవలసిందే. రెండవది, కొత్త సర్వరును పక్కన నిలిపి ఫైళ్ళను అందులోకి చేర్చడం. దీనికి ఖర్చు ఎక్కువ. కాని పాత సర్వరు చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఏ పద్ధతి అయినా, ముందుగా ఫైళ్ళకు నకళ్ళు తీయాలి. అసలుతో కలిపి మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి. ఒకటి ఆఫీసుకు దూరంగా ఉండాలి. అన్నీ ఒకే గదిలో ఉంటే ఒక్క అగ్నిప్రమాదం చాలు గదా! నకలు తీస్తే సరిపోదు. దానిలోనుంచి కొన్ని ఫైళ్ళను వేరే కంప్యూటరులోకి దించి, తెరిచి చూడాలి. తెరిచి చూడని నకలును నమ్మరాదు.

గడియారంతో లెక్క

ఆఫీసు శనివారం సాయంత్రం 6కు మూసి సోమవారం ఉదయం 9కి తెరుస్తారనుకుందాం. మనకున్నవి 39 గంటలు. ఫైళ్ళు 600 గిగాబైట్లు.

సెకనుకు 1000 మెగాబిట్ల తీగ అయితే, 8 బిట్లు ఒక బైటు కాబట్టి, 125 మెగాబైట్లు పోవాలి. ఆచరణలో 100 పోతాయనుకుందాం. 6,00,000 ÷ 100 = 6,000 సెకన్లు, అంటే 1 గంట 40 నిమిషాలు. మధ్యలో ఎక్కడైనా 100 మెగాబిట్ల పాత పరికరం ఉంటే? సెకనుకు 10 మెగాబైట్లే పోతాయి. అప్పుడు 16 గంటల 40 నిమిషాలు పడుతుంది! పైగా చిన్న ఫైళ్ళు లక్షల్లో ఉంటే ఇంకా ఆలస్యం. అందుకే ముందు వారమే 60 గిగాబైట్లు పంపి, పట్టిన కాలాన్ని కొలుస్తారు.

వెనక్కి వచ్చే వేళ

ఇక అసలు సంగతి. పని మధ్యలో చెడితే పాత సర్వరుకు తిరిగి రావాలి. దానికీ కాలం కావాలి. పాతదాన్ని మళ్ళీ నిలపడానికి 3 గంటలు, పరీక్షించడానికి 2 గంటలు, అనుకోని చిక్కులకు 4 గంటలు అనుకుందాం. మొత్తం 9. సోమవారం ఉదయం 9 నుండి 9 గంటలు వెనక్కి లెక్కిస్తే ఆదివారం అర్ధరాత్రి 12. ఆ వేళకు కొత్త సర్వరు అన్ని పరీక్షలూ నెగ్గకపోతే వెనక్కి తిరగాలి. "ఇంకొక్క గంట చూద్దాం" అనకూడదు.

ఎందుకంత పట్టుదల? సోమవారం తలుపులు తెరవగానే కొత్త సర్వరులో కొత్త బిల్లులు రాస్తారు. అవి పాతదానిలో ఉండవు. మధ్యాహ్నం వెనక్కి వెళ్తే ఆ బిల్లులన్నిటినీ తిరిగి ఎక్కించాలి. ఒక్కటి తప్పినా లెక్క తేలదు. మొదటి బిల్లు రాసే వరకే వెనుదారి సుళువు. కాబట్టి ముందుకు వెళ్ళే పద్ధతి ఎంత ముఖ్యమో, ఏ వేళకు వెనక్కి తిరగాలో ముందే నిర్ణయించుకోవడం అంతకంటె ముఖ్యం.

మీరే లెక్కించండి: ఫైళ్ళు 900 గిగాబైట్లు, పంపే వేగం సెకనుకు 50 మెగాబైట్లు. శనివారం రాత్రి 8కి మొదలుపెడితే ఎప్పటికి పూర్తవుతుంది? వెనక్కి రావడానికి 12 గంటలు కావాలంటే, కొత్త సర్వరును పరీక్షించడానికి ఎన్ని గంటలు మిగులుతాయి?