చిన్న కీర్తనను పెద్దగా చదువుదము

ధ్యానమునకు: కీర్తనలు 117, 120–134



బైబిలు గ్రంథమంతటిలో మిక్కిలి చిన్న అధ్యాయము 117వ కీర్తన. దానిలో రెండే వచనములు గలవు. కన్నులతో మాత్రమే చదివినయెడల క్షణములో ముగియును, క్షణములోనే మరచిపోదుము. దానినే నోరార, నిదానముగా చదివినయెడల ఆ తీపి నాలుకమీద నిలుచును.

దీనికి కారణము కలదు. హెబ్రీ కవులు ఒక మాట పలికి, వెంటనే దానికి జతమాటను పలుకుదురు. 117వ కీర్తనలో జనములకు ఇచ్చిన పిలుపే, వేరు మాటలతో మరల వినబడును. ఆక్స్‌ఫర్డులో బోధించిన రాబర్టు లౌత్ 1753లో అచ్చైన తన ప్రసంగములలో ఈ జతకూర్పును వివరించెను. ఒక భాషలోని ప్రాసలను మరియొక భాషలోనికి తెచ్చుట కష్టము. ఈ జతమాటలైతే తెలుగులోనికిని చెడక వచ్చినవి. కాని రెండింటి నడుమ కొంచెము ఆగి చదివినప్పుడే ఆ అందము చెవికి తెలియును.

మొదటి కీర్తనలో ధ్యానించుట అని మనము చదువుచోట హెబ్రీలో ‘హాగా’ అను మాట యున్నది. మెల్లగా నోట పలుకుట అని దాని భావము. యెషయా 38:14లో పావురపు మూలుగును గూర్చియు ఆ మాటయే వాడబడెను. కాబట్టి ధ్యానమునకు పెదవులును కావలెను. ఐతియొపీయుడు రథములో యెషయా గ్రంథమును పైకి చదువుచుండుట విని గదా ఫిలిప్పు అతనిని ప్రశ్నించెను!

మన సంఘములలో అక్షరములు రాని తల్లులును, చూపు మందగించిన పెద్దలును కలరు. చదువు వచ్చినవాడు తనలో తాను చదువుకొని గ్రంథము మూసినయెడల, అన్నము వండుకొని ఒంటరిగా తినినట్లే. ఆకలిగొనిన అవ్వ ప్రక్కనే కూర్చుండియుండును.

120 మొదలు 134 వరకు గల యాత్రకీర్తనలు 15. వాటిలో 132వ కీర్తన తప్ప ఏదియు తొమ్మిది వచనములకు మించదు. రాత్రి భోజనమైన తరువాత దినమునకొకటి చొప్పున, ఇంటివారందరు వినునట్లు చదువుదము. మొదటిసారి పిల్లలు చదువవలెను. రెండవసారి వారు వచనములోని మొదటి భాగము చెప్పగా, తక్కినది అందరును వారి వెంట పలుకవలెను.

పదునైదు రాత్రులు గడచునప్పటికి ఆ అవ్వ నోట ఒక్క చిన్న కీర్తనయైనను నిలిచినయెడల, ఆదివారపు ఆరాధనలో దానిని ఆమెచేతనే చెప్పించుదము. ఆ దినమున సంఘమంతయు ఆమె నోటనుండి దేవుని వాక్యము వినును గాక. ఆమేన్.