నెల తప్పితే ఏం చేయాలి?

అరకు లోయలో ఒక కొండ ఊరు. డిసెంబరు నెల. కాఫీ పళ్లు కోస్తున్నారు. మరదలు బుట్ట దించి బండ మీద కూలబడింది.

"ఏమే, అలా ఉన్నావు?" అంది వదిన.

"ముట్టు రావలసిన రోజు దాటి పన్నెండు రోజులయింది వదినా. సంతలో ఏదైనా మాత్ర కొనుక్కుంటాను."

"వద్దమ్మా! కడుపులో బిడ్డ ఉంటే ఆ మాత్ర చెరుపు చేస్తుందేమో. ముందు సంగతి తెలుసుకుందాం, పద."

ఇద్దరూ ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లారు. ఆమె ఇలా చెప్పింది.

"ముట్టు ఆలస్యమైతే గర్భమే అనుకోకూడదు. జబ్బు చేసినా, తిండి చాలకపోయినా, దిగులు పడినా ఆలస్యం కావచ్చు. పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఇదిగో నిశ్చయ్ కిట్టు. డబ్బులు అక్కర్లేదు."

పరీక్ష ఇలా చేయాలి:

1. పొద్దున్నే మొదటి మూత్రం శుభ్రమైన గిన్నెలో పట్టాలి.

2. కిట్టు గుంటలో రెండు మూడు చుక్కలు వేయాలి.

3. ఐదు నిమిషాలు ఆగి చూడాలి.

రెండు గీతలు వస్తే గర్భం. 'సి' దగ్గర ఒక్క గీతే వస్తే గర్భం కనబడలేదని అర్థం. వారం ఆగి మళ్లీ చూడాలి. 'సి' దగ్గర గీత రాకపోతే ఆ కిట్టు పనిచేయలేదు. వేరేది వాడాలి.

మర్నాడు మరదలికి రెండు గీతలు వచ్చాయి.

"కిందటి ముట్టు మొదటి రోజు ఎప్పుడు?" అడిగింది ఆశా కార్యకర్త.

"నవంబరు 1."

"దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలుపు. ఆగస్టు 8. కాన్పు ఆ రోజుకు అటూ ఇటూగా అవుతుంది."

వదిన ఉలిక్కిపడింది. "ఆగస్టా! వానలకు గెడ్డ పొంగుతుంది. డోలీ కూడా దాటదు."

"అందుకే లెక్క కావాలి. కొండ ఊళ్ల గర్భిణుల కోసం 2018లో సాలూరులో వసతి గృహం పెట్టారు. కాన్పుకు ముందే వచ్చి అక్కడ ఉండేవారు. నువ్వు కూడా జూలైలోనే ఆసుపత్రికి దగ్గరగా దిగిపోవాలి. ఎక్కడ ఉండాలో ఏఎన్ఎం అమ్మను అడుగుదాం. మూడు నెలలలోపే పేరు రాయించు. రక్తం చూపించు. ఇచ్చిన మాత్రలు వేసుకో."

గర్భం వద్దనుకున్నా నాటు మందు తినకూడదు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరును అడగాలి. పొత్తికడుపులో విపరీతమైన నొప్పి, రక్తం పోవడం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి.

ఆ రాత్రి మరదలు క్యాలెండరులో ఆగస్టు 8 చుట్టూ తానే సున్నా చుట్టింది.

ఆలోచించండి:
మీ కిందటి ముట్టు తేదీ ఎక్కడ రాసుకున్నారు?
వానల్లో మీ ఊరి నుంచి ఆసుపత్రికి దారి ఏది?