పాండవుల గుట్టకి ప్లాన్

కొత్త సంవత్సరం ట్రెక్ అనగానే మన గ్రూపులో లిస్ట్ మొదలు: జనగామలో ఖిలాషాపూర్ కోట, మహబూబాబాద్‌లో భీముని పాదం, భూపాలపల్లిలో పాండవుల గుట్ట. అన్నీ ఒక్కరోజులోనే! నన్నడిగితే ఒక్కటి చాలు, రేగొండ మండలంలోని పాండవుల గుట్ట. ఇసుకరాయి మీద ఆదిమానవులు వేసిన జంతువుల బొమ్మలు 1990లో వెలుగులోకి వచ్చింది అక్కడే.

నిరుడు వెళ్లినప్పుడు ఒక బొమ్మ మసగ్గా ఉందని, ఫొటో కోసం సీసాలో నీళ్లు చల్లింది నేనే. ఒక్క నిమిషం రంగు మెరిసింది, అందరం చప్పట్లు కూడా కొట్టాం. తర్వాత చదివాను: తడిసి ఆరిన ప్రతిసారీ రాయిలోని లవణాలు పైకొచ్చి తెల్లపొర కడతాయట, రంగు పెచ్చులూడుతుందట.

అందుకే ఈసారి ఎండ ఎక్కకముందే చేరుకుందాం. ఒక్కో బొమ్మ ముందు పది నిమిషాలు కూర్చుని నోట్‌బుక్‌లో గీద్దాం. గోడని ముట్టుకోవద్దు. నీళ్లు తాగడానికే. ఎవరెవరు వస్తున్నారు?