నడిమి సొరుగు ఎవరిది?

మొన్న ఫోన్లో "అక్కా, ఇద్దరికీ ఒకటే గది, కొత్త సామాను ధరలు చూస్తే గుండె జారిపోతోంది" అన్నావు చూడు, అప్పట్నుంచీ నీతో తీరిగ్గా మాట్లాడాలని ఉంది చెల్లీ. మా ఇంట్లోనూ అదే కథ. పెద్దదానికి పదకొండేళ్ళు, చిన్నాడికి అయిదు. దానికి చదువుకోను చప్పుడు ఉండకూడదు, వీడికి నేలంతా కార్లు పరుచుకోవాలి.

పాత సామాను అనగానే మా అత్తగారు "ఎవరో వాడిన మంచాలు పిల్లలకా?" అన్నారు. ఆ బాధ నాకూ లేకపోలేదు. కానీ పాత టేకును ఒకసారి తట్టి చూడు, గట్టిగా నిండుగా మోగుతుంది. అంత చెక్క కొత్తగా చేయించే తాహతు మనకెక్కడిది?

హైదరాబాదులో గురువారం పెట్టే జుమ్మేరాత్ బజారుకు వెళ్ళాం. మూడు సొరుగుల పొట్టి బీరువా ఒకటి కంటపడింది, నీలం రంగు. సొరుగులు బయటికి లాగి అడుగున చూశాను. సన్నటి పొడి రాలుతుంటే పుచ్చు పట్టినట్టు. సందుల్లో నల్లటి చుక్కలుంటే నల్లులు. ఇందులో రెండూ లేవు. సంబరంగా తెచ్చుకున్నాం.

మర్నాడే బాల్కనీలో ఉప్పుకాగితం పట్టుకు కూర్చున్నాను. మూల దగ్గర పెచ్చు లేచింది. నీలం కింద పచ్చ, పచ్చ కింద పసుపు, ఆ పసుపు కింద చెక్క. ఎన్ని ఇళ్ళు తిరిగి వచ్చిందో అని ముచ్చటపడుతూ రుద్దుతున్నాను. చిన్నాడు పక్కనే చేరి, నేల మీద పడ్డ పొడిలో వేలితో రోడ్లు గీస్తున్నాడు. అదే వేలు నోట్లో.

పై అంతస్తు వదిన నర్సు. కరివేపాకు కోసం వచ్చి, చూసి, "ముందు వాణ్ణి తీసుకెళ్ళి చేతులు కడగండి వదినా" అంది. పాత రంగుల్లో, అందులోనూ పసుపు, ఎరుపు, నారింజ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేదట. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల వంతులకు 90 వంతులు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. పసివాళ్ళ మెదడుకు సీసం చేసే చెరుపు అంతా ఇంతా కాదు. ఇంత అయితే ఫరవాలేదు అనే లెక్కే లేదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడి వేలే కళ్ళముందు కదిలింది.

తడిగుడ్డతో బాల్కనీ అంతా తుడిచి, ఆ గుడ్డ పారేశాను. చీపురు పట్టలేదు, ఊడిస్తే పొడి గాల్లోకి లేస్తుంది. పైన కొత్త రంగు వేసి మూసేద్దామా అనుకున్నాను గానీ, సొరుగు లాగినప్పుడల్లా చెక్కకు చెక్క రాసుకుని పాత రంగు పొడి మళ్ళీ రాలుతుంది కదా. ఆ బీరువాకు గోనె చుట్టి మేడ మీద పెట్టేశాను. పిల్లల గదికి మాత్రం పెద్దమ్మ ఇంట్లో మూలనున్న సొరుగుల బీరువా తెచ్చుకున్నాం. దానికి పుట్టి బుద్ధెరిగాక పాలిష్ తప్ప రంగు అంటలేదు. నువ్వూ అలాంటిదే వెతుక్కో, నా మాట విను.

నున్నటి పాలిష్ మీద రంగు నిలవదు, కొద్దిగా గరుకు చేయాలి. చీలికలకు లప్పం, ఆపైన ప్రైమరు, తర్వాత నీళ్ళల్లో కలిపే ఎనామిలు రెండు పూతలు. సీసం లేదని డబ్బా మీద రాసుందో లేదో చూసి కొను. వారం రోజులు కిటికీలు తీసి ఆరనిచ్చాకే పిల్లల్ని ఆ గదిలో పడుకోబెట్టాను. బీరువాను వెనక నుంచి గోడకు క్లాంపులతో బిగించు, మరిచిపోకు. చిన్నపిల్లలు సొరుగులు లాగి మెట్లెక్కినట్టు ఎక్కేస్తారు. ఒకదాని మీద ఒకటుండే మంచం కొంటే, ఆరేళ్ళు నిండనివాణ్ణి పైన పడుకోనివ్వకు.

రంగుల దగ్గర ఇద్దరూ కొట్టుకున్నారు. పై సొరుగు పెద్దది పాలపిట్ట నీలం వేసుకుంది, కింది సొరుగు వీడు ఎర్రగా నింపేశాడు. ఏటికొప్పాక నుంచి తెప్పించిన లక్క గుబ్బలు పిడులుగా బిగించాం. అంకుడు కర్రతో చేసినవి, పట్టుకుంటే చింతగింజల్లా నున్నగా ఉంటాయి. నడిమి సొరుగు మాత్రం ఎవరికీ వదలబుద్ధి కాలేదు. సరే, దానికి రంగే వద్దన్నాను. ఉత్త టేకు. వారం వారం ఒకరిది. ఎవరి వంతో పెద్దది పెన్సిలుతో ఆ చెక్క మీద పేరు రాస్తుంది, ఆదివారం రబ్బరుతో చెరిపేస్తుంది.

పోయిన వారం చిన్నాడికి జ్వరం. ఆదివారం దాటింది, పెద్దదాని వంతు వచ్చింది. సాయంత్రం బట్టలు సర్దుతూ చూశాను, సొరుగు మీద ఇంకా వాడి పేరే ఉంది.