ఐదేండ్ల మాత్ర: మన స్త్రీలు మధ్యలో ఎందుకు మానుతున్నారు?

జ్వరానికి మందు పుచ్చుకొన్నవారికి దాని గుణం రెండు మూడు రోజులలో తెలిసిపోతుంది. కాని రాబోయే వ్యాధిని ఆపడానికి వాడే మందుకు అటువంటి సాక్ష్యం ఉండదు. అది పని చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవటమే దాని ఫలితం. రొమ్ము క్యాన్సర్ విషయంలో టామోక్సిఫెన్ అనే మాత్ర ఇటువంటిది. రోజుకొకటి చొప్పున సాధారణంగా ఐదు సంవత్సరాలు వాడవలసిన ఈ మందును అనేకమంది స్త్రీలు మధ్యలో ఎందుకు మానివేస్తున్నారన్న ప్రశ్నను ఇక్కడ పరిశీలింపదలచాము.

ఈ మందు పుట్టుక విచిత్రమైనది. 1962లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. సంస్థలో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రజ్ఞురాలు దీనిని తయారు చేసినప్పుడు, ఆ సంస్థవారు వెదుకుతున్నది గర్భనిరోధక ఔషధం. ఆ పనికి ఇది అక్కరకు రాలేదు. 1971లో మాంచెస్టరులోని క్రిస్టీ ఆసుపత్రి వైద్యులు రొమ్ము క్యాన్సర్ రోగులలో దీని గుణాన్ని ప్రకటించారు. కొన్ని క్యాన్సర్ కణాలు ఈస్ట్రోజెన్ అనే హార్మోను అండతో పెరుగుతాయి. తాళంచెవి దూరవలసిన రంధ్రంలో ముందుగానే పుల్ల దూర్చినట్లు, ఈ మందు ఆ అండ కణానికి అందకుండా అడ్డుపడుతుంది. అటువంటి క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అయినవారు ఐదేండ్లు వాడితే, పదిహేనేండ్ల కాలంలో ఆ వ్యాధి వలన కలిగే మరణాలు సుమారు మూడవ వంతు తగ్గుతాయని అనేక పరిశోధనలను కలిపి చూసిన 2011 నాటి లెక్కలు తెలుపుతున్నవి. వ్యాధి ఇంకా రాకపోయినా వచ్చే అవకాశం హెచ్చుగా ఉన్నవారికి కూడా దీనిని ఇస్తారు. 13 వేలకు పైగా స్త్రీలపై జరిగిన అమెరికా పరిశోధనలో వ్యాధి దాదాపు సగానికి తగ్గినట్లు 1998లో వెల్లడైనది.

ఇంత మేలు చేసే మాత్రను మానటానికి అజ్ఞానమే కారణమని తేల్చివేయటం సులభం. మేము దానికి అంగీకరించము. 1992లో మొదలై బ్రిటన్ తదితర దేశాలలో ఏడువేల మందికి పైగా స్త్రీలతో జరిగిన మరొక పరిశోధనలో సగం మందికి టామోక్సిఫెన్, సగం మందికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందినదో వారికి తెలియదు. బ్రిటన్ స్త్రీల లెక్కలు చూడగా, నాలుగున్నర ఏండ్లు నిలిచినవారు టామోక్సిఫెన్ వర్గంలో నూటికి సుమారు 65, ఉత్తి మాత్ర వర్గంలో సుమారు 74. అనగా మందే లేని మాత్రను సైతం నలుగురిలో ఒకరు వదిలివేశారు! సహజంగా వచ్చే తలనొప్పి, వికారం వంటివి కూడా మాత్ర నెత్తిన పడి ఉండవచ్చు. అదీ చదువుకొన్న దేశంలో, వైద్యుల పర్యవేక్షణలో.

ఇక మన పల్నాటి సంగతి. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటా ప్రసిద్ధం. ఆ ఎండలో మిరపకోతకు పోయే నలభై అయిదేండ్ల స్త్రీకి ఒళ్లంతా ఆవిర్లు వస్తే అది వయసుదో, వేసవిదో, మాత్రదో ఎవరు చెప్పగలరు? ఇరుగుపొరుగువారు చెప్పే తీర్పు ఒక్కటే: "మాత్ర వేడి చేసింది." మన ఇండ్లలో మందులన్నీ వేడి చేసేవే, మజ్జిగ, సబ్జాగింజలు చలవ. కనుక మాత్ర ఆపి చలవ చేయటం ఆమె దృష్టిలో మూర్ఖత్వం కాదు, వైద్యమే. పైగా ఈ మందు నిజంగానే ఆవిర్లు పుట్టిస్తుంది. ఆమె అనుమానంలో సగం సత్యమున్నది. ఆ సత్యాన్ని మొదటి రోజే చెప్పనివారు ఆరవ నెలలో ఆమెను నిందించటం న్యాయం కాదు.

మాత్ర ఖరీదైనది కాదు. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే. కాని మాచర్ల నుండి గుంటూరు వంద కిలోమీటర్లకు పైగా దూరం. ఒక చీటీ కోసం పోతే ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవారి కూలీ పోతుంది. రొమ్ము జబ్బు మాట బయటికి పొక్కితే కూతురి సంబంధం చెడుతుందన్న భయం మరొకటి. దాచి వాడే మాత్ర ఇంట్లో చుట్టాలు దిగిన రోజున తప్పిపోతుంది.

రంజాన్ నెల మాట ప్రత్యేకంగా చెప్పవలెను. పగలు మాత్ర వేసుకొనే అలవాటున్న స్త్రీ ఉపవాసాల కోసం నెలరోజులు మానివేస్తే, తరువాత మళ్లీ మొదలుపెట్టటం కష్టమవుతుంది. మానవలసిన పనే లేదు. ఇది రోజుకొక్కసారి వేసుకొనే మందు. శరీరంలో రోజుల తరబడి నిలుస్తుంది. సహరీకో, ఇఫ్తార్ తరువాతనో ఒక వేళ నిర్ణయించుకొంటే చాలును. ఈ చిన్న మాట ఆమెకు ఉర్దూలో చెప్పేవారు కావలెను.

అందరూ ఎట్లాగైనా కొనసాగించవలసినదేనని మేము అనటం లేదు. రక్తం గడ్డకట్టటం, గర్భాశయ క్యాన్సర్ వంటివి అరుదుగానైనా దీని వలన కలుగుతాయి. గర్భవతి వాడరాదు. శస్త్రచికిత్స అయి బిడ్డను కోరే యువతులు ఏడాదిన్నర నుండి రెండున్నర ఏండ్లు వాడిన మీదట వైద్యుని పర్యవేక్షణలో కొంతకాలం ఆపినా, తొలి సంవత్సరాలలో వ్యాధి తిరగబెట్టటం ఎక్కువ కాలేదని 2023లో ప్రకటితమైన పరిశోధన చూపినది. చెప్పి ఆపటం వేరు, చెప్పకుండా మానటం వేరు.

ఆ చెప్పుకోవటానికి నమ్మకం కావలెను. 2009లో ఖమ్మం జిల్లాలో వేలాది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకాలు వేశారు. కొందరు బాలికలు మరణించటంతో 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయినది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పినా, తల్లిదండ్రులకు మారుగా హాస్టలు వార్డెన్లు అంగీకార పత్రాలపై సంతకాలు చేసిన సంగతి బయటపడినది. మందు మంచిదైనా, అడగకుండా ఇస్తే ఏమవుతుందో మన తెలుగునేలయే చూచినది.

మానివేతలు మొదటి ఏడాది, ఏడాదిన్నరలోనే అధికమని బ్రిటన్ లెక్కలు చెబుతున్నవి గనుక, అడిగేవారు అప్పుడే అడగవలెను, "వేసుకొంటున్నావా?" అని గద్దించి కాదు, "ఏమి ఇబ్బందిగా ఉన్నదమ్మా, ఎన్ని రోజులు తప్పినది?" అని. కళాశాల కమిటీవారికి మా మనవి ఒకటి. కాలు వాచి నొప్పి పెట్టటం, ఆయాసం, బహిష్టు ఆగిన తరువాత రక్తస్రావం, ఈ మూడింటిలో ఏది కనబడినా వెంటనే వైద్యుని వద్దకు పోవలెనని, ఆవిర్లకు మాత్ర ఆపేముందు ఒక మాట అడగవలెనని, ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక చిన్న చీటీ వైద్యులచేత సరిచూపించి అచ్చువేయించి, నరసరావుపేట, మాచర్ల, గురజాల ఆశా కార్యకర్తలకు అందజేయించవలెను. రెండు భాషలూ వ్రాయగల విద్యార్థులు మన కళాశాలలోనే ఉన్నారు.